పెరట్లో మన గడ్డి జాతులు: పదే పదే అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మా గేటు పక్కన వట్టివేరు వరస చూసి ఆగే వాళ్ళు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. "ఇది గడ్డే కదా, దీన్ని నాటారా?" అని మొదలుపెట్టి "పాములు రావా?" దగ్గరికి వస్తారు. గడ్డి పీకడానికి కూలి మనిషి దొరక్క జనం అల్లాడుతుంటే నువ్వు డబ్బులిచ్చి గడ్డి తెచ్చుకుంటున్నావా అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, అందువల్ల కొన్ని మాటలు రెండుమూడు చోట్ల వస్తాయి, సర్దుకోండి. మాది హైదరాబాద్ శివార్లలో 200 గజాల ఇల్లు, మొరం కలిసిన ఎర్రనేల, మిద్దె మీద పది తొట్లు.

## నాటాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

గడ్డిని కావాలని నాటడమేంటండీ, అది కలుపు కదా?

వరి చేలో మొలిస్తే జొన్న కూడా కలుపే. వరి, చెరకు, జొన్న, వెదురు అన్నీ గడ్డి కుటుంబానివే, మనం తినేదాంట్లో సగం అక్కడి నుంచే వస్తోంది. పెరట్లో గడ్డి ఎందుకంటే, ఒకసారి కుదురుకున్నాక ఎండకు వాడదు, మందులు కొట్టక్కర్లేదు, గాలి వీస్తే కదులుతుంది. ఈ కదలడం అనేది చెప్తే అర్థం కాదు, క్రోటన్ల వరస పక్కన గడ్డి దుబ్బు ఒకటి పెట్టి సాయంత్రం కూర్చుని చూడాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మొదట్లోనే తీసుకోండి. గడ్డిలో దుబ్బు కట్టి ఉన్నచోటే ఉండేవి కొన్ని, భూమిలో పాకుతూ పోయేవి కొన్ని. కొనేముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, పూలు ఏ రంగులో ఉంటాయన్నది తర్వాత.

నర్సరీలో అందంగా కనిపించే గడ్డులన్నీ మనవేనా?

చాలావరకు కావు. కడియం వైపు నుంచి వచ్చే లారీల్లో ఫౌంటెన్ గ్రాస్ అని ఎర్రటి ఆకుతో, నక్క తోకలాంటి పూలతో ఒకటి ఉంటుంది, అది ఆఫ్రికా వైపు గడ్డి. తెల్లటి పెద్ద కుచ్చుల పంపాస్ గడ్డిది దక్షిణ అమెరికా. లాన్‌కి పరిచే మెత్తటి కొరియన్ కార్పెట్ తూర్పు ఆసియాది. బయటివి నాటితే నేరమేం కాదు, కాకపోతే ఫౌంటెన్ గ్రాస్ హవాయి లాంటి చోట్ల తోటలు దాటి కొండలకు ఎక్కి పెద్ద తలనొప్పి అయింది. మన దగ్గర మొదటి నుంచీ ఉన్నవి వట్టివేరు, రెల్లు, దర్భ, గరిక, కొండచీపురు, అంజన్ గడ్డి, సువాసన నూనె తీసే పామరోజా. నిమ్మగడ్డిలో కూడా నూనె కోసం పెంచే ఒక రకం పశ్చిమ కనుమల వైపుదే.

తుంగ కూడా గడ్డి జాతేనా? మా పెరడంతా అదే ఉంది.

కాదు, చూడ్డానికి గడ్డిలా ఉంటుంది అంతే. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి, తుంగ కాడకు మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు ఉంటాయి. తుంగను పైన పీకితే పోదు, కింద గడ్డలు ఉంటాయి. కొత్తగా ఏం నాటాలన్నా ముందు తడిపి, తవ్వి, ఆ గడ్డలు ఏరండి. తర్వాత దుబ్బుల మధ్యలోంచి ఏరడం నరకం.

పాములు వస్తాయని మా ఇంట్లో ఒప్పుకోవట్లేదు. నిజంగా వస్తాయా?

పాము గడ్డి కోసం రాదు. ఎలుకల కోసం, కప్పల కోసం వస్తుంది, దాక్కోవడానికి చీకటి చోటు దొరికితే ఉండిపోతుంది. కాబట్టి అసలు సందేహం ఎలుకల మీద, పక్కన పేర్చిపెట్టిన ఇటుకల మీద, పాత ప్లైవుడ్ ముక్కల మీద ఉండాలి. అయినా ఇంట్లో వాళ్ళ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు, ఊరి చివర ఇల్లయితే మరీనూ. నేను పాటించేవి చెప్తాను: పెద్ద దుబ్బు ఏదీ గుమ్మానికి, నడిచే దారికి ఆనుకుని ఉండకూడదు, కనీసం నాలుగడుగులు వదలాలి. దుబ్బు అడుగున ఎండిన ఆకు ఎప్పటికప్పుడు దులిపి, జానెడు ఎత్తు వరకు నేల కనపడేలా ఉంచాలి. కోళ్ళ దాణా, కుక్క గిన్నె రాత్రి బయట వదలకూడదు. వట్టివేరు వాసనకు పాములు రావని కొందరు అమ్మకందార్లు చెప్తారు, ఆ మాట నమ్మి చెప్పుల్లేకుండా తిరగొద్దు. రాత్రి బయటికి వెళ్తే టార్చ్ వేసుకోండి, గడ్డి ఉన్నా లేకపోయినా.

నిమ్మగడ్డి పెడితే దోమలు పోతాయంటారు, ఎంతవరకు నిజం?

మొక్క ఊరికే నిలబడి ఉంటే దోమకు లెక్క లేదు. వాసన నూనె ఆకు లోపల ఉంటుంది, నలిపితేనే బయటికి వస్తుంది. పైగా దోమల మందుల్లో వాడే సిట్రొనెల్లా నూనె నిమ్మగడ్డిది కాదు, దాని దగ్గరి చుట్టం ఇంకో గడ్డిది. టీలోకి, చారులోకి, ఆకు నలిపి వాసన చూసుకోవడానికి నిమ్మగడ్డి పెంచండి. దోమలకైతే తొట్టి కింద ప్లేట్లో నిలిచిన నీళ్ళు పారబోయండి.

మా నాన్నగారికి ఆయాసం. గడ్డి పెంచొచ్చా?

గడ్డి పుప్పొడి పడని వాళ్ళు ఉంటారు, గరిక పుప్పొడి కూడా ఆ లిస్టులో ఉంది. డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి. పెంచాలనే ఉంటే పూత దాదాపు రాని దక్షిణాది వట్టివేరు రకం, లేదా పూత రాకముందే కోసుకునే నిమ్మగడ్డి నయం. గరికైతే కంకి వేయకముందే కత్తిరిస్తూ ఉండాలి. అన్నట్టు మన ఊళ్ళలో దగ్గుకు, దురదకు పేరుమోసిన వయ్యారిభామ గడ్డి జాతే కాదు, గోడ పక్కన అది ఉంటే ముందు దాన్ని తీయించండి, చేతికి తొడుగులు వేసుకుని.

## ఏది ఎంచుకోవాలి

ఒక్క రకమే పెడతాను. ఏది పెట్టమంటారు?

వట్టివేరు. ఆలోచించక్కర్లేదు. నాలుగైదు అడుగుల ఎత్తులో పచ్చటి దుబ్బు కడుతుంది, పక్కకు పాకదు, దక్షిణాది రకానికి మొలకెత్తే గింజ ఉండదు కాబట్టి పక్కింటికి పోదు. వేళ్ళు పక్కలకు కాకుండా నిటారుగా కిందికి దిగుతాయి, లోతు నేలలో రెండు మూడు మీటర్లు పోతాయి, అందుకే గట్లు, వాలు నేలలు కోసుకుపోకుండా దీన్నే వేస్తారు. ఎండా తట్టుకుంటుంది, వారం రోజులు నీళ్ళు నిలిచినా తట్టుకుంటుంది. వేసవిలో వేళ్ళు మంచినీళ్ళ కుండలో వేసుకోవచ్చు, పూర్వం కిటికీలకు కట్టి నీళ్ళు చల్లిన తడికలు ఈ వేళ్ళవే. దీన్లో నాకు నచ్చనిది ఆకు అంచు ఒక్కటే, గీరుకుంటుంది.

రెల్లు పూలంటే ప్రాణం. పెరట్లో వేస్తే ఎలా ఉంటుంది?

వేయకండి. నేను వేశాను కాబట్టి చెప్తున్నా. వానలు వెనకబట్టాక గోదావరి లంకల్లో తెల్లగా ఊగే ఆ పూలు చూసి, ఒక గడ్డ తెచ్చి ప్రహరీ పక్కన పెట్టాను. మొదటి ఏడాది ముచ్చటగా ఉంది, రెండో ఏడాది మూడు అడుగుల అవతల నుంచి మొలిచింది, మూడో ఏడాది పక్కవాళ్ళ కుళాయి గొట్టం పక్కన. దాని వేరుకాండం భూమిలో ఈదుకుంటూ పోతుంది, ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. పూర్తిగా తీయడానికి రెండేళ్ళు పట్టింది, పక్కవాళ్ళతో మాటలు కలవడానికి ఇంకాస్త ఎక్కువ. ఆ మొండితనమే దాని గొప్ప కూడా అనుకోండి: కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ అనే చెరకు శాస్త్రవేత్తలు కలిసి ఈ రెల్లును చెరకుతో సంకరం చేసి కో 205 అనే చెరకు రకం తీశారు, 1918లో విడుదలైన ఆ రకం ఉత్తరాది చెరకు సాగునే మార్చేసింది. అంత బలం ఉన్న గడ్డిని 200 గజాల్లో పెట్టి ఊరుకోమంటే ఊరుకోదు. మరీ మోజుంటే అడుగున చిల్లు లేని పెద్ద సిమెంటు తొట్టిలో పెట్టుకోండి, చిత్తడి దానికి పర్వాలేదు. గింజ ఎగరకముందే కంకులు కోసి పూలకుండీలో పెట్టేయండి.

పూజకు పనికొస్తుందని దర్భ నాటదామనుకుంటున్నాం. మంచిదేనా?

తొట్టిలో అయితే మంచిదే. దర్భ పేరుతో మన దగ్గర రెండు గడ్డులు నడుస్తున్నాయి. ఒకటి కుశ దర్భ, గరుకుగా, బిరుసుగా ఉంటుంది. రెండోది వెండిరంగు మెత్తటి కంకి వేసేది, ఇంపెరాటా అంటారు. రెండూ భూమిలో లోతుగా పాకేవే, ఇంపెరాటా అయితే ప్రపంచంలోని మొండి కలుపుల్లో ముందు వరసలో ఉంటుంది. పురోహితుల ఇళ్ళలో చూశాను, సగానికి కోసిన నీళ్ళ డ్రమ్ములో పెంచి ఎప్పటికప్పుడు కోసుకుంటారు, అది సరైన పద్ధతి. ఆకు కొన సూదిలా గుచ్చుకుంటుంది, పిల్లలు ఆడుకునే వైపు పెట్టొద్దు.

కొండచీపురు గడ్డి మైదానాల్లో బతుకుతుందా?

బతుకుతుంది, కాస్త గారాబం చేస్తే. పాడేరు, అరకు వైపు కొండవాలుల్లో వెదురులాంటి వెడల్పాటి ఆకులతో ఆరేడు అడుగులు పెరిగే గడ్డి ఇది, మనం ఇల్లు ఊడ్చే మెత్తటి చీపురు దీని కంకే. గిరిజన సహకార సంస్థ వాళ్ళు అక్కడి నుంచి సేకరించి అమ్మేది కూడా ఇదే. అందానికి నా ఓటు దీనికే, పూత వచ్చినప్పుడు లేత ఊదారంగు పొగ కమ్మినట్టు ఉంటుంది. మే నెల ఎండ మాత్రం దీనికి పడదు. మామిడి చెట్టుకు తూర్పు వైపు, ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టి, వేసవిలో రోజూ తడపాలి. మా ఇంట్లో అక్కడిలా పెరగలేదు, నాలుగడుగుల దగ్గర ఆగింది, అయినా బాగుంది.

లాన్‌కి కార్పెట్ గడ్డి బదులు గరిక వేయొచ్చా?

నిక్షేపంగా. స్టేడియంలలో వాడే బెర్ముడా అనేది గరికే, దాని ఎంపిక చేసిన రకాలు, సంకరాలు. బయటి మనిషి బెర్ముడా అంటే కొనుక్కుంటాం, మన గరికను గునపంతో పీకుతాం. వినాయక చవితికి పత్రిలో వెతుక్కునేదీ అదే. దానికి కావాల్సింది ఎండ, కనీసం ఆరు గంటలు. తీగ ముక్కలు రెండు మూడు కణుపులు ఉండేలా కత్తిరించి, జానెడు దూరంలో గుచ్చి, వానాకాలంలో వదిలేస్తే రెండు నెలల్లో నేల కప్పేస్తుంది. కార్పెట్ అంత మెత్తగా ఉండదు, వేసవిలో నీళ్ళు ఆపితే గోధుమరంగుకు తిరిగి తొలకరికి మళ్ళీ లేస్తుంది. పూలమడుల్లోకి పాకుతుంది, అందుకని మడి చుట్టూ బండరాయి గానీ ఇటుక గానీ అర అడుగు లోతు దించండి.

మాది అనంతపురం. నీళ్ళే లేవు, ఏదైనా బతుకుతుందా?

అంజన్ గడ్డి వేయండి. మోకాలి ఎత్తు నుంచి నడుం ఎత్తు దాకా దుబ్బు కట్టి, ఊదా కలిసిన గోధుమరంగు కంకులు వేస్తుంది. పశువుల మేతగా పేరున్న గడ్డి కాబట్టి విత్తనం పశుగ్రాస విత్తనాలు అమ్మేచోట అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. గింజకు నూగు ఉంటుంది, ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడుతుంది, పైన పల్చగా మన్ను కప్పితే చాలు. మన పొడి నేలల్లో ఇది సొంత ఇంటి మనిషే గానీ ఆస్ట్రేలియాలో, అరిజోనా ఎడారిలో ఇదే గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి మంటలకు కారణమవుతోంది. మంచి గడ్డి, చెడ్డ గడ్డి అనేది ఊరిని బట్టి మారుతుందన్నమాట.

మా వెనక పెరట్లో ఎండే రాదు. ఏం వేయాలి?

గడ్డి వద్దు. వీటిలో చాలావరకు ఎండను తిని బతికేవి, నీడలో సన్నబడి వాలిపోతాయి. రెండు మూడు గంటల ఎండ తగిలితే కొండచీపురు ప్రయత్నించండి. అసలే రాకపోతే ఫెర్నులు పెట్టుకోండి.

## తెచ్చుకోవడం, నాటడం

పిలకలు ఎక్కడ దొరుకుతాయి?

ముందు మీ చుట్టుపక్కల అడగండి. ఒక దుబ్బున్న ఇంటివాళ్ళు పది పిలకలు ఊరికే ఇస్తారు, వాళ్ళకూ దుబ్బు పల్చన చేసే పని తప్పుతుంది. వట్టివేరు, నిమ్మగడ్డి, పామరోజాకు పేరున్న రకాలు కావాలంటే ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే లక్నో సీమాప్ సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, నాటు సరుకు ఉందో లేదో ముందు ఫోన్ చేసి వెళ్ళండి. ఆన్‌లైన్లో కొంటే వేరు ఎండిపోకుండా తడి గుడ్డలో చుట్టి పంపేవాళ్ళ దగ్గరే కొనండి. నాకు ఒకసారి వట్టివేరు పేరుతో ఏదో మామూలు బోద గడ్డి వచ్చింది. వేరు గిల్లి వాసన చూడండి, వట్టివేరయితే తెలిసిపోతుంది.

రోడ్డు పక్కన, కొండ మీద నుంచి తవ్వి తెచ్చుకోవచ్చా?

రిజర్వు ఫారెస్టులోంచి ఏదీ తవ్వకూడదు, అది చట్టప్రకారం తప్పు. చెరువు గట్టు మీది గడ్డి ఆ గట్టును పట్టుకుని ఉంటుంది, దాన్నీ ముట్టుకోవద్దు. పొలం గట్టయితే రైతును అడిగి ఒక చారెడు తెచ్చుకోండి. కొండ మీద నడిస్తే ప్యాంటుకు గుచ్చుకుని బట్టలోకి దూరే ముల్లు గింజల గడ్డి ఒకటి ఉంటుంది చూశారా, సాయంత్రం ఎండలో రాగిరంగులో మెరుస్తుంది, దాన్ని చూసి మోజుపడి మాత్రం తేకండి, ఇంట్లో కుక్క ఉంటే దాని చెవుల్లోంచి ఆ ముళ్ళు తీయలేక ఏడుస్తారు.

ఏ నెలలో నాటితే బాగా పట్టుకుంటుంది?

తొలకరి పడి నేల రెండు అంగుళాలు తడిశాక. తెలంగాణ, కోస్తాలో మృగశిర, ఆరుద్ర కార్తెల మధ్య, అంటే జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం దాకా. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వాన అక్టోబరు, నవంబరులో కాబట్టి అక్కడ సెప్టెంబరు చివర నాటినా బాగుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో నాటడం వృథా. చలికాలంలో నాటితే చావదు గానీ ఫిబ్రవరి దాకా కదలదు, జనం చచ్చిపోయిందనుకుని పీకేస్తారు.

పిలక ఎలా నాటాలి? వేరు ఎంత ఉంచాలి?

పెద్ద దుబ్బును గునపంతో లేపి, చేత్తో గానీ కత్తితో గానీ రెండు మూడు పిలకల చొప్పున విడదీయండి. ఆకును జానెడు ఉంచి పైది కత్తిరించేయండి, లేకపోతే వేరు పీల్చేలోపే ఆకు నీళ్ళన్నీ ఆవిరి చేసేస్తుంది. వేరు రెండు మూడు అంగుళాలు చాలు, పొడుగు వేరు గుంటలో మడతపడితే కుళ్ళుతుంది. గుంటలో గుప్పెడు పశువుల ఎరువు వేసి, పిలక మొదలు నేలకు సమంగా ఉండేలా పెట్టి, చుట్టూ కాలి మడమతో గట్టిగా తొక్కండి. ఈ తొక్కడం చాలామంది సున్నితంగా చేస్తారు, గాలి ఖాళీ మిగిలితే వేరు ఎండుతుంది. పేడ నీళ్ళలో ఒక పూట ముంచి నాటడం నాకు అలవాటు. పదిహేను రోజుల్లో నడిమి నుంచి కొత్త ఆకు వస్తే పట్టుకున్నట్టే.

ఎంత దూరం వదలాలి?

వట్టివేరు తడికలా దట్టంగా రావాలంటే అర అడుగు. విడి దుబ్బులుగా కనపడాలంటే రెండున్నర అడుగులు. నిమ్మగడ్డికి రెండడుగులు, అంజన్ గడ్డికి అడుగున్నర, కొండచీపురుకు ఐదు అడుగులు. మొదటి ఆరు నెలలు ఖాళీగా బోసిగా ఉంటుంది, ఆ కంగారులో మధ్యలో ఇంకో వరస పెట్టేస్తారు, రెండో ఏడాది మనిషి దూరలేడు. ఖాళీలో ఆ కాస్త కాలం బంతి వేసుకోండి.

మాది నల్లరేగడి. ఇందులో వస్తాయా, మొరం నేల ఉన్న వాళ్ళకేనా?

రెండిట్లోనూ పెరుగుతాయి, చేయాల్సిన పని వేరు. రేగడిలో నీళ్ళు నిలుస్తాయి, వేసవిలో బీటలు వారి వేళ్ళు తెగుతాయి, కాబట్టి అర అడుగు ఎత్తు మడి చేసి దాని మీద నాటి, చుట్టూ ఎండాకు పరచండి. నిమ్మగడ్డికి నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది, వట్టివేరు లెక్కచేయదు. మొరంలో నీళ్ళు నిలవవు, గుంట అడుగు లోతు తవ్వి సగం చెరువు మట్టి కలపాలి. ఇల్లు కట్టిన కొత్తలో ప్రహరీ పక్కనంతా సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు పూడ్చి ఉంటాయి, అవి ఏరకుండా ఏం నాటినా పసుపుబారుతుంది.

మిద్దె మీద, బాల్కనీలో తొట్లలో పెంచొచ్చా?

నిమ్మగడ్డి, అంజన్ గడ్డి 12 అంగుళాల గ్రో బ్యాగులో హాయిగా వస్తాయి. వట్టివేరుకు లోతు కావాలి, 15 అంగుళాలకు తగ్గకండి, అదీ రెండేళ్ళకు బ్యాగు చీల్చుకుని వస్తుంది. మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, ఎరువు ఒక వంతు. తడిసిన తొట్టి బరువు చాలా ఉంటుంది, స్లాబు మధ్యలో కాకుండా దూలాల మీద, గోడల వెంబడి పెట్టండి. ఎత్తయిన అంతస్తు బాల్కనీలో గాలికి పొడుగు దుబ్బు తొట్టితో సహా పడిపోతుంది, అడుగున రెండు రాళ్ళు వేయండి.

## పెరుగుతున్నప్పుడు

రోజూ నీళ్ళు పోయాలా?

మొదటి మూడు వారాలు వాన లేకపోతే రోజు విడిచి రోజు. తర్వాత వారానికి ఒకసారి, కానీ లోతుగా తడిసేలా. ఏడాది దాటిన వట్టివేరుకు, అంజన్ గడ్డికి నేలలో ఉంటే వేసవిలో పదిహేను రోజులకోసారి చాలు, అదీ పచ్చగా కనపడాలని. రోజూ కాస్త కాస్త పోస్తే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, మీరు ఊరెళ్ళిన వారానికే వాడిపోతాయి. తొట్లలోవి వేరు, మే నెలలో వాటికి రోజూ కావాలి.

యూరియా వేశాను, గుబురుగా వచ్చింది కానీ అంతా పడిపోయింది. ఎందుకు?

అందుకే పడిపోయింది. నత్రజని ఎక్కువైతే ఆకు పొడుగ్గా, మెత్తగా పెరుగుతుంది, మొదటి గాలివానకే పడుకుంటుంది. మోకాలి ఎత్తుకు కోసేసి వదిలేయండి, తిరిగి లేస్తుంది. ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు దుబ్బుకు రెండు గుప్పిళ్ళ వర్మీ కంపోస్టు తప్ప ఇంకేమీ వద్దు. నీడ ఎక్కువైనా ఇలాగే వాలుతుంది, ఎరువు వేయకుండానే పడితే చోటు మార్చండి.

ఆకుల చివర్లు ఎండుతున్నాయి, పురుగా?

వేసవిలో చివర రెండు అంగుళాలు ఎండడం మామూలే. తొట్లో ఏడాది పొడుగునా అలా ఉంటే బోరు నీటి ఉప్పు పేరుకుంది, వానాకాలంలో తొట్టిని ఆరుబయట పెట్టి బాగా కడగనివ్వండి. నిమ్మగడ్డి ఆకు మీద తుప్పు మచ్చలు వస్తే మొత్తం మొదలుకు కోసి పారేయండి, కొత్త ఆకు శుభ్రంగా వస్తుంది. పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. టీకి వాడే నిమ్మగడ్డికి ఇంకే మందూ వద్దు.

వీధి ఆవులు తినేస్తున్నాయి. ఏం చేయను?

గరిక, అంజన్ గడ్డి, లేత వట్టివేరు వాటికి పరమాన్నం. గేటు బయట పెట్టాలంటే నిమ్మగడ్డో పామరోజానో వేయండి, ఆ ఘాటుకు పశువు సాధారణంగా మూతి తిప్పుకుంటుంది. వట్టివేరు బయట వేస్తే మొదటి ఆరు నెలలు కంప అడ్డం పెట్టండి. ముదిరాక వాటికి అంతగా రుచించదు, కొనలు కొరికినా మీకు కత్తిరింపు మిగిలిందనుకోండి.

ఏడాదికి ఎన్నిసార్లు కోయాలి? ఎప్పుడు?

విదేశీ వీడియోలు చూసి ఫిబ్రవరిలో కోసేస్తున్నారు, అది మంచు పడే దేశాల లెక్క. మనకు అసలు గడ్డుకాలం ఏప్రిల్, మే. అప్పుడు దుబ్బు మొదలు మీద నీడ ఉండాలి, ఎండిన ఆకైనా సరే. నేను మే చివర, రోహిణి కార్తె సగం గడిచాక, మొదటి వాన వాసన తెలిసినప్పుడు కోస్తాను. వట్టివేరు మోకాలి ఎత్తున, అంజన్ గడ్డి జానెడు ఎత్తున. కొండచీపురు కంకులు మాత్రం జనవరి, ఫిబ్రవరిలో పచ్చి తగ్గగానే తీసుకోవాలి, ఆలస్యమైతే రాలిపోయి చీపురుకు పనికిరావు. నిమ్మగడ్డి మీకు టీ కావాల్సినప్పుడల్లా. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఎండిన గడ్డికి నిప్పు పెట్టి తగలబెట్టే పని మాత్రం ఇళ్ళ మధ్య అస్సలు వద్దు.

దుబ్బు మధ్యలో బోడిగా అయిపోయి చుట్టూ మాత్రమే పచ్చగా ఉంది. చచ్చిపోతోందా?

లేదు, ముసలిదైంది. మూడు నాలుగేళ్ళకు చాలా దుబ్బుల్లో నడుమ ఎండి, పిలకలు అంచులకు పోతాయి. జూన్‌లో మొత్తం లేపి, అంచు పిలకలు విడదీసి మళ్ళీ నాటండి, నడిమి కట్టెను కంపోస్టులో వేయండి. లేపడానికి గునపం, ఇంకో మనిషి కావాలి, నడుం నొప్పి గ్యారంటీ.

## పెరిగి పెద్దయ్యాక

వట్టివేరు వేళ్ళు ఇంట్లోనే తీసుకోవచ్చా? ఎన్నాళ్ళకు?

నేలలో ఉన్న దుబ్బును తవ్వితే సగం వేరు కిందే తెగిపోతుంది, గోడ పక్కనైతే తవ్వడమే ప్రమాదం. వేరు కోసమే పెంచాలంటే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు అడుగున చిల్లులు పెట్టి, మూడొంతులు ఇసుక, ఒక వంతు ఎరువుతో నింపి నాటండి. ఏడాది నుంచి ఏడాదిన్నరకు డ్రమ్మును పడుకోబెట్టి నీళ్ళు కొడితే వేళ్ళు జుట్టులా ఊడి వస్తాయి. మన్ను పోయేదాకా నాలుగైదు సార్లు కడిగి నీడలో ఆరబెట్టండి. చిన్న కట్ట ఒకటి మంచినీళ్ళ కుండలో వేస్తే రెండు మూడు రోజులు వాసన ఇస్తుంది, తర్వాత తీసి ఎండలో పెట్టి మళ్ళీ వాడొచ్చు. జిగురుగా అనిపిస్తే పారేయండి. పైన కోసిన పిలకలు మళ్ళీ నాటుకోవచ్చు.

పక్షులు వస్తాయా?

వస్తాయి. అంజన్ గడ్డి కంకులు పండగానే జీనువాయిలు గుంపుగా దిగుతాయి, ఒక్కోటి కంకి మీద కూర్చుంటే కాడ వంగి నేలకు తగులుతుంది, అప్పుడు తీరిగ్గా తింటాయి. వానాకాలంలో గిజిగాడు వచ్చి పొడుగు ఆకుల అంచులు నారలా చీల్చుకుపోతాడు, గూడు అల్లుకోవడానికి. ఆకులు చిరిగాయని ఒకాయన నన్ను పురుగు మందు అడిగారు. కంకులు ఎండగానే కోయకుండా ఒక నెల వదిలేస్తే ఇవన్నీ చూడొచ్చు.

కోసిన ఎండుగడ్డి ఏం చేయాలి?

అంగుళం ముక్కలు చేసి మిరప, టమాట మొక్కల మొదట్లో పరవండి, తడి ఆరకుండా ఉంటుంది, కలుపు తగ్గుతుంది. కంకి ఉన్నది పరవకండి, అక్కడే మొలుస్తుంది. వట్టివేరు ఆకు తొందరగా కుళ్ళదు కాబట్టి పరచడానికి అదే బెస్ట్.

పాకిపోయిన గడ్డిని పూర్తిగా తీసేయడం ఎలా?

మొండిగా, ఓపిగ్గా. వేసవిలో నేల గుల్లగా తవ్వి, దొరికిన ప్రతి వేరుకాండం ముక్కా ఏరి ఎండలో మాడ్చండి. నల్లటి మందపాటి టార్పాలిన్ అంచులకు రాళ్ళు పెట్టి, మార్చి నుంచి జూన్ దాకా కప్పి ఉంచండి. తొలకరికి మళ్ళీ మొలకలు వస్తాయి, మూడో ఆకు వేయకముందే పీకండి, ఆ దశలో దాని దగ్గర నిల్వ తిండి తగ్గి ఉంటుంది. ఇలా రెండు వానాకాలాలు పడుతుంది. ఏరిన ముక్కలు కంపోస్టు గుంటలో వేయకండి, నాలా వెధవ పని చేసి ఎరువుతో పాటు తోటంతా చల్లుకుంటారు.

మేము టెక్సాస్‌లో ఉంటాం. ఇండియా నుంచి దర్భ, రెల్లు తెచ్చి నాటుకోవచ్చా?

తేకండి. రెల్లు, ఇంపెరాటా దర్భ రెండూ అమెరికా కేంద్ర ప్రభుత్వం వారి హానికర కలుపుల జాబితాలో ఉన్నాయి, దక్షిణ రాష్ట్రాల్లో కోగన్ గ్రాస్ అని వాళ్ళు తల పట్టుకునేది మన ఇంపెరాటానే. సూట్‌కేసులో గింజలు, వేళ్ళు పెట్టుకుని అనుమతి పత్రాలు లేకుండా దిగితే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. వట్టివేరు కావాలంటే గింజ మొలవని సన్‌షైన్ రకం అక్కడి నర్సరీల్లోనే దొరుకుతుంది, చలి మరీ ఎక్కువ లేని చోట నేలలోనే బతుకుతుంది. పూజకు ఎండు దర్భ అయితే మీ దగ్గర గుడిలో అడిగి చూడండి. పెరట్లోకి మాత్రం అక్కడి ప్రెయరీ గడ్డులు, లిటిల్ బ్లూస్టెమ్ లాంటివి పెట్టుకోండి, అక్కడి పిట్టలు తినేది వాటి గింజలే.